తల తిరుగుడు వట్టి భయం కాదు

"స్కానింగులో ఏమీ లేదు, అంతా నీ భయమే" అని తల తిరిగే మనిషిని ఇంట్లోవాళ్లు కసురుకోవడం మేము తరచు వింటుంటాం. ఇది అన్యాయం. లోపలి చెవి జబ్బు తగ్గినా, మళ్లీ పడిపోతామేమోనని కొందరిలో మెదడు ప్రతి అడుగుకూ కాపలా కాస్తుంది. నిలబడినా, సంతలో జనం మధ్య నడిచినా తూలినట్లు ఉంటుంది. 3 నెలలు దాటి దాదాపు రోజూ ఇలా ఉండే జబ్బుకు బరానీ సొసైటీ వైద్యులు 2017లో లక్షణాలు నిర్ణయించారు కూడా. భయం తూలును పెంచుతుంది, తూలు భయాన్ని పెంచుతుంది. అందుకే అస్తమానం మంచాన కూర్చోబెట్టడం ప్రేమ అనిపించుకోదు. తోడుండి వాకిట్లో నడిపించండి. డాక్టరు చెప్పిన వ్యాయామాలు, కౌన్సెలింగు, అవసరమైతే ఆందోళన తగ్గించే మందులు, వీటితో చాలామంది తేరుకుంటారు. ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, చెయ్యి పడిపోయినా మాత్రం అది వేరే సంగతి, వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.