విశాఖ వెళ్తే రేవు కూడా చూడండి

సెలవులయ్యాక మన లాల్‌ఖదాన్ పిల్లలు విశాఖ ఫోటోలు తెచ్చి చూపిస్తారు. ఆర్.కె. బీచ్, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి అన్నీ ఉంటాయి. ఒక్క క్రేన్ ఉండదు! మాకు అదే కొరత.

ఆ రేవుకూ మన రైల్వే ఊరికీ చుట్టరికం ఉంది. ఒకప్పుడు బిలాస్‌పూర్ మీదుగా రైళ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వేయే ఆ రేవు కట్టే పని కూడా చూసింది. మధ్య పరగణాల మాంగనీసు సముద్రం చేరడానికి రాయ్‌పూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. మీరు అమ్మమ్మగారి ఊరికి వెళ్లే దారి అదే. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రేవులోకి వచ్చింది. ఈనాటికీ మన ఛత్తీస్‌గఢ్ బైలదిలా ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా కొండలు దిగి, అక్కడే ఓడ ఎక్కుతోంది.

ఊరి మధ్య ఈ రేవు ఎందుకు, తీరమంతా పర్యాటకులకే ఇస్తే పోలేదా అనేవాళ్లు ఉన్నారు. మేము ఒప్పుకోం. నిజమే, బొగ్గు, ఖనిజాల ధూళి గురించి పాతనగరం వాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. బొగ్గు వ్యాగన్లు ఇంటి పక్కనుంచే పోయే మనకు ఆ బాధ ఒకరు చెప్పాలా? కుప్పల మీద కప్పు వేయాలి, నీళ్లు చల్లాలి, ధూళి ఆపాలి. రేవునే పొమ్మనడం వేరే మాట. హమాలీ, లారీ డ్రైవరు, వల అల్లే ముసలాయన ఎక్కడికి పోతారు?

2023 సెప్టెంబరులో అక్కడ విహార నౌకల టెర్మినల్ ప్రారంభించారు. సంతోషమే. అదే ఏడాది నవంబరులో, ఒక్క రాత్రిలో, చేపల రేవులో దాదాపు నలభై బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు మీద ఎన్ని కుటుంబాలు తింటాయో లెక్కవేయండి. తీరం అందానికి పెట్టే ఖర్చులో కొంత ఆ బోట్ల భద్రతకు పెట్టాలని మేమంటాం.

కురుసుర 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. రిటైరైన దాన్ని చూడటానికి టిక్కెట్టు కొని క్యూ కడతాం, ఇంకా పనిచేస్తున్న రేవును మాత్రం దాటిపోతాం. చిత్రం కదూ!

ఈసారి వెళ్తే తెల్లవారుజామున లేచి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని చేపల రేవుకు వెళ్లండి. చందువా, వంజరం వేలం పాడే కేకలు వినండి. (వాసనకు ముక్కు మూసుకోకండి, అమ్మేవాళ్లు చూస్తుంటారు.) తర్వాత రాస్ కొండ ఎక్కితే ఓడలు వచ్చే కాలువ కనిపిస్తుంది. టగ్గులు ఒక ఓడను లోపలికి లాక్కొచ్చేదాకా ఆగండి. అది ఏం తెచ్చిందో, ఏం తీసుకెళ్తుందో అడిగి తెలుసుకుని, వచ్చే సంచికకు మాకు రాసివ్వండి.