విశ్రాంత నివాసం: కొనుగోలుకు ముందు కొన్ని లెక్కలు

గత సంచికలో గ్రాట్యుటీ, భవిష్యనిధి సొమ్మును మదుపు చేయడం గూర్చి మేము వ్రాసిన నాలుగు మాటలకు పాఠకుల నుండి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో సగానికి పైగా మదుపు సంగతి వదలిపెట్టి వేరొక ప్రశ్న అడిగాయి. క్వార్టరు ఖాళీ చేసిన తరువాత ఎక్కడికి పోవాలి? ప్రశ్న సహజమైనదే. ముప్పయి అయిదేళ్ళుగా కుళాయి కారితే సివిల్ విభాగానికి, ఫ్యాను తిరగకపోతే ఎలక్ట్రికల్ విభాగానికి ఫిర్యాదు పుస్తకంలో వ్రాసి నిశ్చింతగా ఇంటికి వచ్చిన వాళ్ళం మనం. ఆసుపత్రి నడచి వెళ్ళే దూరంలో ఉన్నది. సాయంకాలం క్లబ్బులో నలుగురు కనిపిస్తారు. ఆ ఏర్పాటంతా పదవీ విరమణ తరువాత కొద్ది నెలల గడువుతో ముగిసిపోతుంది. మాకు ఆ గడువు ఇంక రెండేళ్ళే ఉన్నది గనుక ఈ వ్యాసంలో పాఠకుల సందేహంతో పాటు మా సందేహం కూడా కలిసి ఉన్నదని ముందే మనవి చేస్తున్నాము.

మనవారిలో చాలామంది స్వగ్రామంలోనో జిల్లా కేంద్రంలోనో ఇల్లు కట్టుకుంటారు. మా విభాగంలోనే ఒకరు యాభై తొమ్మిదవ ఏట రెండంతస్తుల ఇల్లు కట్టి, పడకగది మేడ మీద పెట్టుకున్నారు. ప్లాంటులో ప్రతి నిచ్చెనకూ కటకటాలు ఉన్నాయా లేదా అని తనిఖీ చేసే భద్రతాధికారి ఆయన! ఆ సంగతి అటుంచుదాము. ఇప్పుడు అనేకులు విచారిస్తున్నది వయోవృద్ధుల కొరకే ప్రత్యేకంగా నిర్మించిన నివాస సముదాయాల గూర్చి. వీటిని వృద్ధాశ్రమాలని పొరబడరాదు. ఇక్కడ ఇల్లు మన సొంతం. వంటశాల, భోజనశాల, ఇల్లు తుడిచే మనుషులు, నర్సు, అంబులెన్సు, గుడి, గ్రంథాలయం ఉమ్మడివి. ప్రవేశ వయస్సు సాధారణంగా యాభై అయిదు. హైదరాబాదు శివార్లలోనూ, పుణె, బెంగుళూరు, చెన్నై పరిసరాలలోనూ ఇవి వెలిశాయి గానీ దేశంలో ఈ విషయమై ముందుగా పేరు తెచ్చుకున్న ఊళ్ళలో కోయంబత్తూరు ముఖ్యమైనది. చల్లని గాలి, మంచి ఆసుపత్రులు, విమానాశ్రయం అందుకు కారణాలు. తరతరాలుగా ఇళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ ఉన్నందువల్ల మనకు మాట కూడా మరీ పరాయి కాదు. వారి తెలుగులో తమిళ యాస వినసొంపుగా ఉంటుంది.

గత శీతకాలంలో మేమూ మా శ్రీమతీ అక్కడికి వెళ్ళి మూడు సముదాయాలు చూసి వచ్చాము. చేతిలో అయిదు మీటర్ల టేపు, జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని బయలుదేరాము. టేపు చూసి మా శ్రీమతి నవ్వింది గానీ అది ఉపయోగపడకపోలేదు.

మొదటి సముదాయంలో ప్రవేశ ద్వారం, తోట, భోజనశాల కన్నుల పండువుగా ఉన్నాయి. స్నానాల గది తలుపు కొలిస్తే 700 మిల్లీమీటర్లు వచ్చింది. చక్రాల కుర్చీ అందులోనుండి పోవాలంటే పక్కన మనిషి వేళ్ళు నలగవలసిందే. అవరోధాలు లేని నిర్మాణానికి కోరవలసిన తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లు. పైగా ఆ తలుపు లోపలికి తెరుచుకుంటున్నది. లోపల మనిషి జారి తలుపుకు అడ్డంగా పడితే బయటివారు తెరవలేరు. స్నానాల గది తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. గడియ బయటి నుండి తీయగలిగినది కావాలి. ఇక వాలుబాట విషయం. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండవలెనని నియమం. అనగా పునాది 600 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే వాలుబాట 7.2 మీటర్లు సాగాలి. అక్కడ ఉన్నది మూడు మీటర్లే. దానిపై చక్రాల కుర్చీని నెట్టడం మాట అలా ఉంచి, వర్షంలో నడచి దిగడమే సాహసం. లిఫ్టులో స్ట్రెచరు పడుతుందా, విద్యుత్తు పోయినప్పుడు అది జనరేటరుపై నడుస్తుందా అని అడిగితే విక్రయాధికారి మమ్మల్ని ఈతకొలను వైపు తీసుకుపోయాడు.

ఇవన్నీ కంటికి కనిపించే లోపాలు. టేపుతో పట్టుకోవచ్చు. కనిపించని లెక్క మరొకటి ఉన్నది. దానిని మాకు చూపించినది రెండవ సముదాయంలో నివసిస్తున్న ఒక వదినగారు.

ఆమె భర్త మా పూర్వ సహోద్యోగి. నిర్వహణ విభాగంలో మాకు పని నేర్పినవారు. 2011లో విరమణ పొంది ఆ సముదాయంలో ఇల్లు కొన్నారు. 2019లో కాలం చేశారు. పిల్లలిద్దరూ విదేశాలలో ఉన్నారు. మేము వెళ్ళేసరికి ఆమె భోజనశాల పక్క గదిలో కూరగాయల పద్దు వ్రాస్తున్నది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో ఈ ఉద్యోగమేమిటని అడిగాము.

"కంపెనీవాళ్ళు మానేసి వెళ్ళిపోయారు కదండీ. అప్పటినుంచీ వంట మేమే చూసుకుంటున్నాము. సోమ, గురువారాలు నా వంతు" అన్నది.

జరిగిన సంగతి ఇది. ఇళ్ళు కట్టినది ఒక సంస్థ. వంట, శుభ్రత, వైద్య సేవలకు ఆ సంస్థ వేరొకరిని నియమించింది. ఇళ్ళన్నీ అమ్ముడై సంఘానికి అప్పగించిన కొన్నేళ్ళకు సేవల ఒప్పందం గడువు తీరింది. కొత్త ధర ఇచ్చుకోలేమని నివాసులు అన్నారు. పాత ధరకు చేయలేమని కంపెనీ అన్నది. నెలన్నర పాటు నూరు మంది వృద్ధులు బయటి హోటలు క్యారియర్లతో గడిపారు. తరువాత కార్యవర్గం వంటవారిని నేరుగా పనిలో పెట్టుకున్నది. కోశాధికారి వయసు ఎనభై ఒకటి.

ఇక్కడ చట్టం ఎంతవరకు తోడు వస్తుందో తెలుసుకోవడం అవసరం. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, మనం రెరా అని పిలిచేది, కట్టడం వరకు మనల్ని బాగానే కాపాడుతుంది. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. అప్పగించిన అయిదేళ్ళలోపు బయటపడిన నిర్మాణ లోపాలను ఉచితంగా సరిచేయాలి. అయితే సాంబారు రుచికి గానీ నర్సు హాజరుకు గానీ ఆ చట్టంలో చోటు లేదు. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ విశ్రాంత గృహాలకై నమూనా మార్గదర్శకాలు వెలువరించి, నిర్మాత, సేవాసంస్థ, కొనుగోలుదారు ముగ్గురూ సంతకం చేసే ఒప్పందాన్ని సూచించింది. అవి సలహాలే. అమలు రాష్ట్రాల చేతిలో ఉన్నది. 2024లో మహారాష్ట్ర రెరా తలుపులు, లిఫ్టులు, పట్టుకమ్మీల వంటి వాటికి కనీస ప్రమాణాలు నిర్దేశించింది. కాబట్టి విక్రయపత్రం కంటె సేవల ఒప్పందాన్ని ఎక్కువ శ్రద్ధగా చదవవలసి ఉన్నది. దాని గడువు ఎన్నేళ్ళు, ధర పెంపుకు సూత్రమేమి, గడువు తీరిన మరునాడు వంటశాల సామాను ఎవరిది? మేము అడిగిన మూడు చోట్లా మూడవ ప్రశ్నకు జవాబు రాలేదు.

వదినగారు చూపిన లెక్కకు వద్దాము. సౌలభ్యం కొరకు గుండ్రటి అంకెలు వేసుకుందాము. దంపతులకు నెలకు నిర్వహణ రుసుము 12,000, భోజనానికి తలకు 9,000 చొప్పున 18,000, వెరసి 30,000 రూపాయలు అనుకుందాము. ఏటా 8 శాతం పెరిగితే తొమ్మిదేళ్ళకు ఇది 60,000, పద్దెనిమిదేళ్ళకు 1,20,000 అవుతుంది. మరి మన రాబడి? 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో జీతం పరిమితి 2014 నుండి 15,000 రూపాయలు. ఆ లెక్కన నిండు సర్వీసు ఉన్నవారికి కూడా 7,500 దగ్గర ఆగుతుంది. దానిపై కరువు భత్యం లేదు. సంస్థ పింఛను నిధి నుండి కొనే యాన్యుటీ కూడా సాధారణంగా మొదటి నెల ఎంతో చివరి నెల అంతే. ఖర్చు ఎక్కే మెట్లు, రాబడి చదునైన నేల. అరవై ఏళ్ళప్పుడు సరిపోయిన లెక్క డెబ్బై ఎనిమిదవ ఏట సరిపోవాలంటే తేడా సొమ్మును మొదటి రోజునుండే విడిగా పెట్టి, దాని వడ్డీలో కొంత ముట్టకుండా ఉంచుకోవాలి. ప్లాంటులో యంత్రం కొనేటప్పుడు దాని జీవితకాలపు నిర్వహణ వ్యయం కూడా చూడమని టెండరు కమిటీలో వాదించే మనమే ఇంటి దగ్గరకు వచ్చేసరికి చదరపు అడుగు ధర మాత్రమే బేరమాడుతున్నాము.

ఇంతవరకు మేమూ ఊహించినదే. వదినగారు ఆ తరువాతి పంక్తి వ్రాశారు. దంపతులలో ఒకరు పోతే భోజనం ఖర్చు సగమవుతుంది. నిర్వహణ రుసుము ఇంటి చదరపు అడుగులను బట్టి గనుక అందులో పైసా తగ్గదు. 30,000 కాస్తా 21,000 అవుతుంది, అంటే తగ్గేది 30 శాతం. కుటుంబ పింఛను మాత్రం 50 శాతానికి పడిపోతుంది. యాన్యుటీని భర్త జీవితకాలానికి మాత్రమే ఎంచుకొని ఉంటే ఆ ధార పూర్తిగా ఆగిపోతుంది. నెలకు నాలుగు వందలు ఎక్కువ వస్తుందని మా సహోద్యోగి ఆ పద్ధతినే ఎంచుకున్నారట. ఆయన లెక్కలలో మాకు గురువు. ఈ మాట వ్రాయడానికి చేయి ఆడడం లేదు. అయినా విరమణకు దగ్గరలో ఉన్న పాఠకులు ఆ ఫారంలో భార్యకు కొనసాగే పద్ధతి దగ్గర టిక్కు పెట్టాలన్న కోరికతో వ్రాస్తున్నాము.

ఇల్లు కూడా ఆయన ఒక్కరి పేరనే ఉన్నది. వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, పిల్లలకు సమాన వాటాలు. చిన్న ఇంటికి మారి ఖర్చు తగ్గించుకుందామని ఆమె అనుకున్నప్పుడు అమ్మకానికి పిల్లలిద్దరి సంతకాలు, విదేశాలనుండి అధికార పత్రాలు కావలసి వచ్చాయి. పిల్లలు మంచివారే. కాగితాలకు పద్నాలుగు నెలలు పట్టింది. ఇద్దరి పేర్లా రిజిస్టరు చేసుకున్నా వీలునామా వ్రాయక తప్పదు. ఉమ్మడి పేరు ఉన్నంత మాత్రాన పోయినవారి వాటా రెండవవారికి దానంతట అది రాదు.

తిరుగు ప్రయాణంలో రైలులో మా శ్రీమతి చాలాసేపు కిటికీలోకి చూస్తూ కూర్చున్నది. ఏమని అడిగాము.

"మనం చూసినవన్నీ ఇద్దరికి ఇళ్ళండీ. చివరికి ఒక్కరే కదా ఉండేది. ఆ ఒక్కరూ మీరయితే మీకు అన్నం వండుకోవడం రాదు. నేనయితే బ్యాంకు కాగితాలు రావు. అది చూసి ఎంచండి" అన్నది.

ముప్పయి రెండేళ్ళ కాపురంలో మా డిజైన్ ప్రమాణాలను ఇంత సూటిగా ఎవరూ సవరించలేదు. అప్పటినుండి మా పుస్తకంలో ప్రశ్నల వరుస మారింది. మంచాన పడితే అక్కడే ఉంచుకుంటారా, లేక స్వయంగా తిరగగలిగినవారికే చోటు అన్న నిబంధన ఉన్నదా? చాలా ఒప్పందాలలో ఈ నిబంధన చిన్న అక్షరాలలో ఉంటుంది. మతిమరుపు వ్యాధి వస్తే ఏమి చేస్తారు? మన సంస్థ వైద్య పథకం క్రింద నగదు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రి ఎంత దూరం? కిలోమీటర్లలో కాదు, సాయంత్రం ఆరు గంటల రద్దీలో ఎన్ని నిమిషాలు? పత్రికలో వేసిన పది నిమిషాల దూరం మాకు ముప్పయి నాలుగు నిమిషాలు పట్టింది. పిల్లలకు ఇల్లు వారసత్వంగా వస్తుంది గానీ, వయస్సు నిండేదాకా వాళ్ళు అందులో కాపురం ఉండడానికి వీలులేదన్న సంగతి వారికి ముందే చెప్పామా? డిపాజిట్టు కట్టి జీవితాంతం ఉండే పద్ధతి, అద్దె పద్ధతి కూడా ఉన్నాయి. పెట్టుబడి దృష్టితో అవి నచ్చకపోవచ్చు. చేతిలో సొమ్ము ఉంచుకొని, నచ్చకపోతే లేచిపోగల స్వేచ్ఛ ఉండే అద్దె పద్ధతి మొదటి ఏడాదికి మేలని మా అభిప్రాయం. పిల్లల మీద ప్రేమతో ఆస్తి మిగల్చాలనుకునేవారు మాతో ఏకీభవించరని తెలుసు.

వదినగారిని వచ్చేముందు ఒక మాట అడిగాము. ఇంత చిక్కు పడ్డారు కదా, పిల్లల దగ్గరికి వెళ్ళిపోవాలని అనిపించదా అని. ఆమె పద్దు పుస్తకం మూసి, "ఎక్కడికండీ? రేపు గురువారం. వంకాయలు నేను చూడకపోతే పుచ్చులు తెస్తాడు" అన్నది.

మూడవ సముదాయం కొంత నయమనిపించింది. తలుపులు 900, కమ్మీలు గట్టివి, వంటశాల మొదటినుండీ నివాసుల సంఘం చేతిలోనే ఉన్నది. బోరు నీటి మీద ఆధారపడినది గనుక వేసవిలో సంగతేమిటో తేలలేదు. మే నెలలో పదిహేను రోజులు అక్కడి అతిథి గదిలో ఉండడానికి బయానా కట్టాము. ట్యాంకర్లు రోజుకు ఎన్ని వస్తాయో లెక్క వ్రాసే పని మా శ్రీమతిది. అన్నం వండడం నేర్చుకునే పని మాది. వీలునామా వ్రాయు విధానం గూర్చి వచ్చే సంచికలో.