కోళ్ల ఎరువు తోలించుకునే ముందు ఒక్క మాట

పై వీడియోలో జీవామృతం తయారీ చూసి కొందరు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "ఆవు పేడ దొరకట్లేదండీ, పక్కనే బ్రాయిలర్ షెడ్డు ఉంది, ఆ ఎరువు వాడుకోవచ్చా?" నా అభిప్రాయం అయితే వద్దనే. ఎందుకో చెప్పాలంటే చికెన్ షాపు దగ్గర మొదలుపెట్టాలి.

కోడికి జబ్బు చేసినప్పుడు మందు వేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ త్వరగా బరువు రావాలని, అసలు జబ్బే రాకూడదని దాణాలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ కలిపే అలవాటు చాలా ఏళ్లుగా ఉంది. అలా చేస్తే బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, మందుని తట్టుకున్నది మిగిలి పెరుగుతుంది. బీటీ పత్తిలో గులాబీ రంగు పురుగు ఏం చేసిందో చూసిన మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే పురుగు చెయ్యలేని పని బ్యాక్టీరియా చేస్తుంది. ఆ తట్టుకునే జన్యువుని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా అందిస్తుంది.

2015లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టింది ఇదే. కొలిస్టిన్ అనే మందుకి లొంగని జన్యువు 523 పచ్చి మాంసం శాంపిళ్లలో 78 చోట్ల, అంటే 15 శాతంలో దొరికింది. ఆస్పత్రి రోగుల్లో కూడా కొందరి దగ్గర కనిపించింది. కొలిస్టిన్ అంటే మిగతా మందులన్నీ విఫలమైనప్పుడు డాక్టర్లు చివరగా వాడేది. మన దేశంలో దాన్ని పశువులకి, కోళ్లకి వాడకూడదని 2019 జూలైలో కేంద్రం నిషేధించింది. మంచి పనే, కాకపోతే అది ఒక్క మందు మాత్రమే.

"ఉడికిస్తే చచ్చిపోతుంది కదా" అంటారు. నిజమే, బాగా ఉడికితే చస్తుంది. కానీ చికెన్ ముక్కలు కోసిన కత్తిపీట మీదే ఉల్లిపాయ, కొత్తిమీర కోస్తాం. మాంసం కడిగిన నీళ్లు సింకంతా చిందుతాయి. అక్కడ ఉడికించేది ఎవరు?

ఇప్పుడు మన పొలం సంగతి. కోడి పేగుల్లో ఉన్నదే పెంటలోకి వస్తుంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్, పంజాబ్‌లలో 12 కోళ్ల ఫారాల దగ్గర పరీక్షలు చేసి 2017లో నివేదిక ఇచ్చారు. మందులకి లొంగని బ్యాక్టీరియా షెడ్డు పెంటలోనే కాదు, ఆ పెంట వేసిన చుట్టుపక్కల పొలాల మట్టిలో కూడా దొరికింది.

ఇంకొందరు ఆ ఎరువుని ఏకంగా జీవామృతంలోనే కలుపుతున్నారు. బెల్లం, శనగపిండి వేసి రెండు రోజులు నీడన ఉంచేది సూక్ష్మజీవులు పెరగాలనే కదా! డ్రమ్ములో చెడ్డది వేస్తే అదీ పెరగొచ్చు. నిజానికి ఎకరానికి సరిపడే 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ చాలు. ఒక్క ఆవు ఉన్న ఇంటి నుంచైనా అది తెచ్చుకోవచ్చు. మిగతా బలానికి జీలుగ, జనుము చల్లి కలియదున్నండి.

మనం కూడా చేతులు దులుపుకోలేం. పొదుగువాపు వచ్చిందని ఆవుకి ఇంజక్షన్ వేయించిన రోజుల్లో ఆ పేడ జీవామృతానికి వాడకండి, పక్కన పెట్టండి. నాటుకోళ్లకి కొక్కెర తెగులు రాగానే మెడికల్ షాపు నుంచి యాంటీబయాటిక్ బిళ్లలు తెచ్చి నీళ్లలో కలిపేవాళ్లూ ఉన్నారు. అది వైరస్ జబ్బు, ఆ బిళ్ల వైరస్‌ని ఏమీ చెయ్యదు. పిల్లలకి మొదటి వారంలోనే లసోటా చుక్క వేయిస్తే ఆ ఖర్చే ఉండదు.

ఇంత చెప్పినా కోళ్ల ఎరువే కావాలనుకుంటే, ముందు షెడ్డు యజమానిని ఈ బ్యాచ్‌కి దాణాలో, నీళ్లలో ఏం కలిపారో అడగండి. చెప్పకపోతే ట్రాక్టర్ వెనక్కి పంపండి. చెప్పినా సరే, కుప్ప వేసి తడిపి, లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కేలా రెండు మూడుసార్లు తిరగేసి, బాగా మాగాకే వాడండి. దాంతో బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది, పూర్తిగా పోతుందని మాత్రం నేను హామీ ఇవ్వను. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, కీర మళ్లకి అయితే అదీ వద్దు.