చేతిలోని సీటు వదలవచ్చునా?



న్యూజెర్సీ నుండి మీరు వ్రాసిన ఉత్తరం అందింది. మీ బాబు హైస్కూలు ముగియగానే డిగ్రీ, మెడిసిన్ కలిసి ఉన్న కోర్సులో సీటు సంపాదించాడు. ఇప్పుడు మూడవ సంవత్సరంలో ఉండి, వేరే మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెడతానంటున్నాడు. ఉన్న సీటు కూడా పోతుందేమోనని మీకూ, మీ వారికీ నిద్రపట్టడం లేదన్నారు. ఈ చింత ఇంకా కొన్ని ఇళ్ళలో ఉండవచ్చు గనుక ఇక్కడే జవాబిస్తున్నాను.

మీ భయం అర్థం లేనిది కాదు. మన దేశంలోవలె ఇంటర్ కాగానే మెడిసిన్‌లో చేరే వీలు అమెరికాలో సాధారణంగా లేదు. నాలుగేళ్ళ డిగ్రీ తరువాతే దరఖాస్తు. 2023లో ఎం.డి. కాలేజీలకు సుమారు 52,500 మంది దరఖాస్తు చేయగా, చేరినవారు సుమారు 23,000 మంది మాత్రమే.

కాబట్టి మొదట బాబుతో కూర్చుని ఆ కోర్సు నియమాలు చదవండి. అన్నిచోట్లా ఒకే నియమం లేదు. కొన్ని కోర్సులలో బయటికి దరఖాస్తు పంపితే ఉన్న సీటు పోతుంది. కొన్ని షరతులతో అనుమతిస్తాయి. బ్రౌన్ విశ్వవిద్యాలయపు 8 సంవత్సరాల కోర్సు వంటి వాటిలో ఉన్నవారికి ఎంక్యాట్ పరీక్ష అవసరం లేదు. కానీ బయటి కాలేజీలు సాధారణంగా దానిని అడుగుతాయి. అంటే తప్పిన పరీక్షను కోరి వ్రాయాలి. మిస్సోరీలోని కాన్సాస్ సిటీలో 1971 నుండి నడుస్తున్న 6 సంవత్సరాల కోర్సులో రెండు చదువులూ కలిసే సాగుతాయి. అటువంటి చోట మధ్యలో విడిచి రావడం మరీ కష్టం.

తరువాత, ఎందుకు వెళ్ళాలనుకుంటున్నాడో అడగండి. అప్పు భారమా? న్యూయార్క్ విశ్వవిద్యాలయపు మెడికల్ కాలేజీ 2018లోను, ఐన్‌స్టీన్ కాలేజీ 2024లోను ట్యూషన్ ఫీజు రద్దు చేశాయి. అటువంటి చోట్ల ప్రయత్నించాలనుకోవడం తెలివిమాలిన పని కాదు. పెద్ద కాలేజీ పేరు కోసమా? 2022 నుండి స్టెప్ 1 పరీక్షకు మార్కులు తీసివేసి పాస్, ఫెయిల్ మాత్రమే చూపుతున్నారు. అందువలన కాలేజీ పేరుకు విలువ పెరిగిందని పిల్లలు అనుకుంటున్నారు. అయితే రెసిడెన్సీకి స్టెప్ 2 మార్కులు, వార్డులలో చేసిన పని, ప్రొఫెసర్ల ఉత్తరాలు కూడా చూస్తారు. దరఖాస్తు పెడితే సీటు పోయే నియమం ఉండి, కారణం పేరు ఒక్కటే అయితే, ఉన్నచోటనే ఉండమని నా సలహా.

ఒక సంగతి మాత్రం మరువవద్దు. దాచి దరఖాస్తు పెట్టనివ్వకండి. సిఫారసు ఉత్తరాలు వ్రాయవలసింది ఆ ప్రొఫెసర్లే. ఇచ్చిన మాట మార్చుకోవలసి వస్తే ఎదుట నిలిచి చెప్పడమే మర్యాద.

చివరిగా, సహోదరీ, ఆ సీటుకు బాబు ఒప్పుకున్నది పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో. ఆ కోరిక అతనిదా, మీదా? ఒకవేళ అతనికి కాలేజీ మారడం కాదు, డాక్టరు చదువే ఇష్టం లేదేమో! ఒక సాయంత్రం మీ వారూ మీరూ కూర్చుని నెమ్మదిగా అడగండి. అతడు చెప్పడం ముగించేవరకు మాత్రం ఇద్దరూ మధ్యలో మాట్లాడకండి.