నీ వల్ల కాదని చెప్పడానికి వాళ్లెవరు?

పదో తరగతి ఫలితాలొచ్చిన వారానికే మన పల్లెల్లో తీర్పులు మొదలవుతాయి. వీటికి కోర్టు అక్కర్లేదు, వాదనలుండవు. స్టాఫ్‌రూంలో ఒక మాట, టీకొట్టు దగ్గర ఒక మాట. అంతే, పిల్లల బతుకు ఖరారైపోతుంది.

మొన్న మా పల్లెలో ఒక బాబాయి కూతురి మార్కుల కాయితం పట్టుకొచ్చాడు. లెక్కల్లో 91. "మాస్టారూ, పిల్ల ఎంపీసీ అంటంది. పెద్దసారేమో, మీకెందుకయ్యా ఆ కష్టం, సీఈసీలో చేర్చు అన్నాడు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. పిల్ల గడప అవతల నిలబడి వుంది. "నువ్వేమంటావమ్మా?" అని అడిగాను. తలెత్తలేదు. "నా వల్ల కాదేమో సార్" అంది.

91 తెచ్చుకున్న పిల్ల నోటికి ఆ మాట ఎక్కణ్ణించి వచ్చింది? పుట్టుకతో వచ్చిందా?

ఆ మాట నాకు కొత్త కాదు. 1996లో నేను పది పాసయ్యాను. లెక్కల్లో 82. "మీవాళ్లకి లెక్కలు పట్టవురా, హెచ్ఈసీ తీసుకో" అన్నాడు మా మాస్టారు. తిట్టలేదు. భుజమ్మీద చెయ్యేసి ప్రేమగానే చెప్పాడు. అందుకే నమ్మాను. ఇవాళ నేను సోషల్ చెప్పుకుంటున్నాను, ఆ పాఠమంటే నాకిష్టమే. కానీ ఆ దారి నేనెంచుకున్నది కాదు, నా కులాన్ని చూసి నాకు చూపించినది.

ఈ సంగతి మీద చదువుకున్నవాళ్లు చాలా పని చేశారు. ఒక పని తన వల్ల అవుతుందని మనిషి నమ్మడం, నమ్మకపోవడం అతని ప్రయత్నాన్నే మార్చేస్తుందని 1977లో ఆల్బర్ట్ బందూరా అనే మానసిక శాస్త్రవేత్త సిద్ధాంతం చేశాడు. 1981లో గెయిల్ హాకెట్, నాన్సీ బెట్జ్ అనే ఇద్దరు దాన్ని ఉద్యోగాల ఎంపికకి వర్తింపజేశారు. ఆడవాళ్లు కొన్ని వృత్తుల వైపే ఎందుకు పోతున్నారు? శక్తి లేక కాదు. చిన్నప్పట్నుంచి చూసిందీ విన్నదీ కలిసి, మిగతా తలుపుల్ని వాళ్ల చేతే మూయిస్తున్నాయన్నారు. ఆడవాళ్లకి ఇల్లు చేసిన పనే మనకి ఊరు చేస్తోంది. మన ఆడపిల్లలకైతే ఇల్లూ ఊరూ రెండూ కలిసి చేస్తున్నాయి.

రుజువు కావాలా? ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లల చేత కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు కాయితం మీద చిక్కుదారుల పజిళ్లు చేయించారు. 2004లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. ఎవరిది ఏ కులమో చెప్పనప్పుడు పైకులం పిల్లలూ కిందికులం పిల్లలూ సమానంగా చేశారు. అందరి ముందూ కులం చదివి వినిపించాక కిందికులం పిల్లలు వెనకబడ్డారు. అవే బుర్రలు, అవే చేతులు! మధ్యలో వచ్చిందేంటి? కులం పేరు ఒక్కటే. ఇంకా మీవాళ్లకి తెలివి లేదనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఇప్పుడు కెరీర్ గైడెన్స్ అని ఇంకో తంతు వచ్చింది. పట్నం నుంచి ఒకాయన కోటేసుకుని వస్తాడు. "ఆత్మవిశ్వాసం పెంచుకోండి, మీరే మీ తలరాత రాసుకోండి" అని గంటసేపు చెప్పి, శాలువా కప్పించుకుని పోతాడు. ఆత్మవిశ్వాసం సంతలో దొరుకుతుందా పిల్లలు కొనుక్కోవడానికి? కాలికి సంకెళ్లేసి పరిగెత్తలేదని కొట్టినట్టుంది ఈ వరస!

బందూరా నాలుగు ఊటలు చెప్పాడు. అన్నిటికంటే బలమైంది, తానే చేసి గెలిచిన అనుభవం. రెండు, తనలాంటివాడు గెలవడం కళ్లారా చూడడం. మూడు, నమ్మదగిన మనిషి చెప్పే మాట. నాలుగు, ఒంట్లో వణుకూ గుండెదడా తగ్గడం. ఉపన్యాసం మూడోదాన్లోకి వస్తుంది, అదీ చెప్పేవాడి మీద నమ్మకముంటేనే.

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఆ పిల్ల గిరిజన బిడ్డ, ఆ పిల్లాడు దళిత బిడ్డ. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్లు. పూర్ణకి అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. వట్టి ఉపన్యాసం విని ఎక్కారా? భువనగిరి గుట్ట మీద మొదలెట్టి, డార్జిలింగ్ కొండల్లో, లడఖ్ చలిలో మెట్టుమెట్టుగా తయారు చేశారు. తిండి పెట్టారు, బూట్లిచ్చారు, పక్కన నిలబడ్డారు. నమ్మకం అట్లా పుడుతుంది.

నమ్మకముంటే చాలు అనేవాళ్లతో కూడా మనకి పేచీయే. నమ్మకంతో ఢిల్లీ ఎయిమ్స్ దాకా పోయిన మన పిల్లలకి ఏం ఎదురైందో 2007లో సుఖదేవ్ థొరాట్ కమిటీ నివేదిక చెప్పింది. తరగతి గదిలోనూ హాస్టల్లోనూ వివక్ష ఉందని రాసింది. అక్కడ జబ్బు పిల్లల మనసుది కాదు, ఆ సంస్థది. బాబాసాహెబ్ దీన్ని ముందే చూశాడు. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో, మనకి ఆర్ట్స్, లా చదువులతో ఒరిగేది తక్కువ, సైన్సు, సాంకేతిక విద్యల్లో పైచదువులు కావాలి, అందుకు డబ్బివ్వండి అని అడిగాడు. ధైర్యంగా వుండండని మనకి చెప్పి ఊరుకోలేదు, సర్కారు దగ్గర లెక్క అడిగాడు. మన పిల్లల్ని ఇప్పటికీ హెచ్ఈసీకి తోలేవాళ్లు ఆ కాయితం ఒకసారి చదవాలి.

బాబాయి కూతురికి ఆ సాయంత్రం నాలుగు లెక్కలిచ్చాను. మొదటిది తేలిక, తర్వాతవి కొంచెం కొంచెం కష్టం. మూడు చేసింది. నాలుగోది సగంలో ఆగింది. "రేపు చేసుకొస్తాను సార్" అంది. ఈసారి తలెత్తి చెప్పింది. ఆ పిల్ల ఎంపీసీలో చేరుతోంది.

అన్నలారా, అక్కలారా, మనం చెయ్యాల్సినవి ఇవి:

పది పాసైన ప్రతి బిడ్డ ఇంటికీ కాలేజీల్లో చేరే గడువు దాటకముందే సంఘం వాళ్లు పోవాలి. మార్కుల కాయితం ముందు పెట్టుకుని, బిడ్డ ఇష్టం అడిగి మాట్లాడాలి. సీఈసీ కావాలన్న బిడ్డని సీఈసీకే పంపుదాం. ఎంపిక మాత్రం బిడ్డదే కావాలి.

ఏప్రిల్ 14న దండలేసి సరిపెట్టొద్దు. మన పల్లెలో పుట్టి ఇంజనీరైనవాణ్ణి, నర్సైన అమ్మాయిని పిలిచి పిల్లల మధ్య కూర్చోబెట్టండి. ఎక్కడ ఫెయిలయ్యారో, మళ్లీ ఎట్లా పాసయ్యారో వాళ్ల నోటితోనే చెప్పించండి.

కమ్యూనిటీ హాల్లో వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు చెప్పించండి. తేలికవాటితో మొదలుపెట్టండి.

"మీవాళ్లకి రాదు" అన్న మాస్టార్ని గౌరవంగానే నిలదీయండి: ఏ మార్కులు చూసి చెప్పావు, కాయితం చూపించు అని. నా తోటి ఉపాధ్యాయులకీ ఇదే మాట. జాలిపడి చెప్పినా అది కులం మాటే.

స్కాలర్‌షిప్ బకాయిల మీద, హాస్టల్ తిండి మీద పోరాటం ఆపొద్దు. ఆకలితో వున్న బిడ్డకి ధైర్యం నూరిపొయ్యడం మోసం.

వాళ్లు మన వల్ల కాదన్నవి ఒక్కొక్కటే చేసి చూపించుకుంటూ ఇంతదూరం వచ్చాం. మన పిల్లల దగ్గర ఆగిపోవద్దు.

జైభీమ్!