రెండర్ ఆగితే నింద యంత్రానిదేనా?

ఎఫెక్టులు దట్టంగా వాడిన వీడియో ప్రాజెక్టు రెండర్ మధ్యలో ఆగిపోతే కంప్యూటర్ శక్తి చాలలేదని, ఇంకా పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొనడం తప్ప దారి లేదని ఎడిటింగ్ రంగంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. టైమ్‌లైన్‌లో పేర్చిన క్లిప్పులనూ ఎఫెక్టులనూ ఒక్కొక్క ఫ్రేముగా లెక్కగట్టి తుది ఫైలుగా రాయడమే రెండర్ కనుక, లెక్క ఆగితే లెక్కించే యంత్రాన్ని అనుమానించడం సహజమే. కానీ పరీక్షించకుండానే ఆ అనుమానాన్ని నిర్ణయంగా ప్రకటించడం తప్పు, పెళ్లి వీడియోల మీద బతికే చిన్న స్టూడియోను అప్పులోకి నెట్టే సలహా అయినప్పుడు అది అన్యాయం కూడా.

అన్నిటికంటే ముందు చూడవలసింది రెండర్ ఎక్కడ ఆగుతోందన్నది. ప్రతిసారీ ఒకే ఫ్రేము దగ్గర ఆగితే దోషం ఆ చోట ఉన్న క్లిప్పులోనో ఎఫెక్టులోనో ఉందనడానికి అది బలమైన సూచన. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే వేడినీ, మెమరీనీ, ఆపరేటింగ్ సిస్టానికీ కార్డుకూ మధ్య పనిచేసే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్‌నూ అనుమానించాలి. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 10 నిమిషాల వీడియోలో 15,000 ఫ్రేములు ఉన్నా, మొదటి సగాన్ని రెండర్ చేసి, అది పూర్తయితే రెండో సగంలోనూ ఆగితే మొదటి సగంలోనూ మళ్లీ సగం తీసుకుంటూ పోతే 14 విడతల్లో దోషమున్న ఫ్రేము దొరుకుతుంది. ప్రతి విడతా ముందుదానిలో సగమే కాబట్టి అన్నీ కలిపినా ఒక్క పూర్తి రెండర్‌ను మించవు. రెండు సగాలూ విడివిడిగా పూర్తయి, మొత్తం మాత్రం ఆగిపోతోందంటే మెమరీ క్రమంగా నిండిపోతోందని అనుమానించవచ్చు.

మెమరీ నిజంగానే చాలని ప్రాజెక్టులూ ఉంటాయి. అయితే ఎందుకు చాలలేదన్న ప్రశ్నను పెద్ద కార్డు వాదం అసలు అడగదు. 3840×2160 పరిమాణంలో ఒక ఫ్రేముకు 82,94,400 పిక్సెళ్లు. మూడు రంగులకూ పారదర్శకతకూ ఒక్కొక్కదానికి 32 బిట్లు కేటాయిస్తే ఆ ఒక్క ఫ్రేమే దాదాపు 133 మెగాబైట్లు అవుతుంది. ముందువి రెండు, వెనకవి రెండు ఫ్రేములను పోల్చి చుక్కల్లాంటి నాయిస్‌ను తగ్గించే ఎఫెక్టుకు ఐదు ఫ్రేములు కావాలి. అదే రకం ఎఫెక్టును దాని మీద మరొకటి వేస్తే తొమ్మిది కావాలి, అంటే తుది ఫ్రేము ఒక్కటి తయారవడానికి మధ్యలో పుట్టే ప్రతులను లెక్కించకుండానే సుమారు 1,200 మెగాబైట్లు. బిట్లను 16కు తగ్గిస్తే ఈ భారం సగమవుతుంది. నాయిస్ తగ్గించిన క్లిప్పును ముందే విడిగా రెండర్ చేసి టైమ్‌లైన్‌లో పెడితే ఆ అంచెలో చాలామటుకు పోతుంది. ఎచ్.264 వంటి వీడియో కుదింపు పద్ధతుల్లో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల ఆధారంతో నిల్వ ఉంటాయి కనుక, వెనకా ముందూ చూసే ఎఫెక్టులు పెట్టే ముందు అలాంటి ఫుటేజీని ప్రతి ఫ్రేమూ స్వతంత్రంగా ఉండే ప్రోరెస్ వంటి రూపంలోకి మార్చుకోవడం కూడా ఈ భారం తగ్గించడంలో భాగమే.

పెద్ద కార్డు వాదానికి తోడుగా నడుస్తున్న మరో అలవాటు ఇంకా హానికరం: తాత్కాలిక ఫైళ్ల నిల్వ అయిన కాష్ చెరిపి, డ్రైవర్ మార్చి, సాఫ్ట్‌వేర్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసి, అన్నీ ఒకేసారి ముగించడం. అప్పుడు రెండర్ పూర్తయినా ఏది ఫలించిందో తెలియదు, తర్వాతి ప్రాజెక్టులో అదే తిప్పలు మొదలవుతాయి. అదే గ్రాఫిక్స్ కార్డు సాయాన్ని మాత్రమే ఆపి, ఆగిన చోటును ప్రాసెసర్‌తో రెండర్ చేస్తే, అది పూర్తయిన పక్షంలో అనుమానం కార్డు మెమరీకీ డ్రైవర్‌కూ కార్డు మీద నడిచే ఎఫెక్టుకూ పరిమితమవుతుంది. విండోస్‌లో కార్డు సాధారణంగా 2 సెకన్లలోగా స్పందించకపోతే సిస్టమే డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది కనుక, మెమరీ పుష్కలంగా ఉన్న ఖరీదైన కార్డు మీద కూడా ఒక భారీ ఎఫెక్టు రెండర్‌ను కూల్చగలదు.

తుది రెండర్‌ను నేరుగా ఒకే ఎంపీ4 ఫైలుగా రాయించడమూ ఇలాగే ప్రశ్నించవలసిన అలవాటు. ఏ ఫ్రేము ఫైలులో ఎక్కడ ఉందో చెప్పే సూచిక మామూలుగా చివరలో రాయబడుతుంది కాబట్టి, మధ్యలో ఆగిన ఫైలు చాలాసార్లు తెరుచుకోదు. ఓపెన్ఈఎక్స్ఆర్ వంటి రూపంలో ఒక్కో ఫ్రేమును ఒక్కో చిత్రంగా రాయిస్తే డిస్కులో చోటు ఎక్కువ పడుతుంది గాని, 12,000వ ఫ్రేము దగ్గర ఆగిన రెండర్‌ను ఆ ఫ్రేము నుంచే కొనసాగించవచ్చు.