కుర్చీకే చిరునామా

"మా అబ్బాయి పనిచేసే ఆస్పత్రిలో రెండు రౌటర్లున్నాయి. ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుందని కొన్నారు. మొన్న మొదటిది చెడిపోయింది. రెండోది పక్కనే నిక్షేపంలా వున్నా, మందుల కౌంటరులో బిల్లులు రాక రోగులు గంటసేపు నిలబడ్డారట. ఎందుకిలా?" అని ఒక సోదరి వ్రాశారు.

రెండో రౌటరు కొనడం ఒక ఎత్తు, సమయానికి దానిచేత పని చేయించడం ఒక ఎత్తు.

ఆఫీసు కంప్యూటర్లకు రౌటరంటే వీధి వాకిలి. ఆ వాకిలి నంబరు, 192.168.1.1 అనుకోండి, ప్రతి కంప్యూటరులోనూ వ్రాసి పెడతారు. అయితే ఈథర్నెట్ తీగల మీద ఆ నంబరొక్కటే చాలదు. మాక్ అడ్రసు అని 48 బిట్ల మరో చిరునామా కూడా కావాలి. అందుకని కంప్యూటరు, "ఈ నంబరు ఎవరిది?" అని అందరికీ వినబడేట్లు కేకవేస్తుంది. "నాదే, నా మాక్ అడ్రసు ఫలానా" అని రౌటరు బదులిస్తుంది. 1982లో వచ్చిన ఈ పద్ధతి పేరు ఏఆర్‌పీ.

ఆ ఆస్పత్రిలో కంప్యూటర్లన్నిటికీ మొదటి రౌటరు సొంత నంబరే ఇచ్చి వుంటారని నా అనుమానం. అది మూలబడ్డాక ఎంత కేకవేసినా పలికేవారెవరు? ఉత్తరం మీద పోస్టుమాస్టరుగారి పేరు వ్రాస్తే, బదిలీ అయినప్పుడు అది ఆయన వెంట తిరుగుతుంది. "పోస్టుమాస్టరు గారికి" అని వ్రాస్తే ఆ కుర్చీలో ఎవరుంటే వారికందుతుంది.

1998లో వెలువడిన వీఆర్‌ఆర్‌పీ చేసే పని సరిగ్గా ఇదే. రెండు రౌటర్లనూ ఒక గుంపుగా చేర్చి, ఆ గుంపుకొక ఉమ్మడి నంబరు, ఒక ఉమ్మడి మాక్ అడ్రసు ఇస్తారు. ఆ అడ్రసులో మొదటి ఐదు జతల అంకెలు ఎప్పుడూ ఒకటే; ఆఖరి జత గుంపు నంబరు. కుర్చీలో వున్న రౌటరు మామూలుగా సెకనుకోసారి "నేనున్నాను" అంటుంది. మూడు సెకన్లకు పైగా ఆ మాట వినబడకపోతే, నాలుగో సెకను నిండకముందే రెండోది కుర్చీ ఎక్కుతుంది. కంప్యూటర్లలో ఏమీ మార్చనక్కరలేదు.

మధ్యలో స్విచ్ ఒకటుంది గదా! ఏ అడ్రసు నుంచి మాట ఏ రంధ్రం గుండా వచ్చిందో చూసి, దాన్ని సాధారణంగా 300 సెకన్లు గుర్తుంచుకుంటుంది. కొత్త రౌటరు నోరు మెదపకపోతే, స్విచ్ పాత గుమ్మంలోనే ఉత్తరాలు పడేయవచ్చు. అందుకే కుర్చీ ఎక్కగానే అది ఉమ్మడి అడ్రసుతో, ఎవరూ అడక్కుండానే, చాటింపు వేస్తుంది. స్విచ్ వెంటనే దారి మార్చుకుంటుంది.

కనుక సోదరీ, మీ అబ్బాయిని మూడు సంగతులు చూడమనండి. కంప్యూటర్లలో వున్నది ఉమ్మడి నంబరేనా? రెండు రౌటర్లలోనూ గుంపు నంబరు, ఉమ్మడి నంబరు ఒకటేనా? అదే నెట్‌వర్కులో మరో జత రౌటర్లుంటే వాటి గుంపు నంబరు వేరేనా? ఒకటే అయితే మాక్ అడ్రసూ ఒకటే అవుతుంది. స్విచ్ ఇద్దరి మధ్యా ఊగిసలాడుతుంది.

ఆ తరువాత ఒక రాత్రి, రద్దీ తగ్గాక, అందరికీ ముందుగా చెప్పి మొదటి రౌటరు ఆపి చూడమనండి. బిల్లు వచ్చిందా, సరే. రాలేదా, ఆ సంగతి రోగులు వరుసలో నిలబడకముందే తెలిసింది.